ఆ మాత్ర వెనుక యల్లాప్రగడ

మేళ్లచెరువు: శివరాత్రి జాతరకు జనం పోటెత్తే మేళ్లచెరువులో అయినా, పక్కనున్న హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల పల్లెల్లో అయినా గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్న ప్రతి మహిళకూ ఆరోగ్య కార్యకర్త ఎర్రని మాత్రలు అందజేస్తుంది. ఊరివారు వాటిని ఐరన్ మాత్రలు అంటారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. పేరు ఇనుముది; తోడున్న రెండో పదార్థం సంగతి మింగేవారిలో చాలామందికి తెలియదు. బోదకాలు నివారణ కార్యక్రమంలో ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర మరొకటి. ఈ రెండు మందులూ ఒకే ప్రయోగశాల నుంచి, దాదాపు ఒకే కాలంలో వెలువడ్డాయి. ఆ ప్రయోగశాలకు అప్పట్లో సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పోషకాహార శాస్త్రం నేడు డిగ్రీలోనూ పీజీలోనూ ఒక పాఠ్యాంశం. ఏ ఆహారంలో ఏమున్నదో, అది ఒంటికి పడితే ఏమవుతుందో, పడకపోతే ఏమవుతుందో పట్టికలు వేసి నేర్పుతారు. సుబ్బారావు విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఆ పేరుతో తరగతి లేదు, పట్టా లేదు. విటమిన్ అన్న మాట పుట్టిందే 1912లో. ఆ శాస్త్రాన్ని ఆయన రసాయన శాస్త్ర ద్వారం గుండా వెళ్లి అభ్యసించారు. ఆ దారి పట్టడానికి వెనుక సొంత ఇంటి విషాదం ఉంది.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఏడుగురు పిల్లలున్న సంసారం. తండ్రి అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం వదులుకోవలసి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. చదువు మీద కుర్రవాడికి మొదట పెద్దగా మనసు లేదు. పదమూడో ఏట ఇల్లు విడిచి కాశీ ప్రయాణం కట్టాడని, అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది అతని ఆలోచన అని, దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని జీవిత చరిత్రకారులు చెబుతారు. రాజమహేంద్రవరంలో కొంతకాలం చదివి, చివరికి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తల్లి నగలు అమ్మి కొడుకును చదివించిందంటారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం స్వీకరించాలనుకున్నారు. తల్లి అనుమతి లేనిదే కుదరదని మఠం వారు చెప్పారు. వెంకమ్మ ససేమిరా అన్నది. సన్యాసం కాకపోతే సేవ అయినా చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖర్చులు స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత భరించారు. 1919 మే 10న సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహం జరిగింది.

అవి గాంధీజీ పిలుపుతో దేశమంతా ఖద్దరు వైపు చూస్తున్న రోజులు. శస్త్రచికిత్స గదిలోకి సుబ్బారావు ఖద్దరు దుస్తులతో వెళ్లారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో సుబ్బారావు బాగానే రాసినా, చేతికి అందింది ఎంబీబీఎస్ పట్టా కాదు. దానికన్నా తక్కువ స్థాయిగా భావించే ఎల్ఎంఎస్. ఒక జత బట్టల కోసం పోయిన ఆ పట్టా తరువాతి పాతికేళ్ల జీవితాన్ని ఎన్నో మలుపులు తిప్పింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం రాలేదు.

తిన్నది ఒంటబట్టని జబ్బు

ఈ మధ్యకాలంలోనే ఇంటిమీద పిడుగు పడింది. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు ఒకే జబ్బుకు బలయ్యారు. ఇంగ్లిషు వైద్యులు దానిని స్ప్రూ అన్నారు. ఆయుర్వేదంలో గ్రహణి పేరుతో వర్ణించిన బాధకు ఇది దగ్గరగా ఉంటుంది. ఈ వ్యాధి సోకినవారు అన్నం తింటారు, కానీ చిన్నపేగు ఆ అన్నంలోని సారాన్ని పీల్చుకోదు. విడవని విరేచనాలు, నోటిపూత, రోజురోజుకూ పాలిపోయే ఒళ్లు, చివరికి తీవ్రమైన రక్తహీనత. ఎదుట కంచంలో తిండి ఉండగా మనిషి ఆకలితో చనిపోయినట్టే లెక్క. అప్పటి వైద్యశాస్త్రం వద్ద దీనికి నమ్మకమైన మందు లేదు.

కొంతకాలానికి అదే జబ్బు సుబ్బారావుకూ సోకింది. ప్రముఖ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. (ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, తరువాత మద్రాసు రాష్ట్రానికి మంత్రి అయిన ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి ఈయన భార్యే.) ఎల్ఎంఎస్ పట్టాతో ఉద్యోగం దొరకని సుబ్బారావుకు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పని ఇచ్చిందీ లక్ష్మీపతే. తనను బతికించిన మందుల్లో పనిచేసిన పదార్థం ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల ఆ కొలువులోనే మొదలైంది. నమ్మకంతో ఆగిపోకుండా పరీక్షించి చూడాలన్నది ఆయన ఉద్దేశం. అందుకు తగిన ప్రయోగశాలలు మద్రాసులో లేవు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పనిమీద వచ్చిన అమెరికా వైద్యుడొకరు ఇచ్చిన ప్రోత్సాహంతో హార్వర్డ్‌కు దరఖాస్తు పెట్టారు.

ప్రవేశం లభించింది గానీ ఉపకార వేతనం లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత సమకూర్చారు. రంగూన్ వ్యాపారంలో గడించి ధర్మానికి వదిలి వెళ్లిన ఒక తెలుగు వర్తకుని సొమ్ము ఆ విధంగా వైద్యశాస్త్ర చరిత్రలోకి ప్రవేశించింది. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి సుబ్బారావు ఓడ ఎక్కారు. 1923 అక్టోబరు 26న బోస్టన్ చేరారు.

పగలు పాఠం, రాత్రి ఆసుపత్రి

హార్వర్డ్ ఉష్ణమండల వ్యాధుల కళాశాలలో డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనను చేరదీశారు. తెచ్చుకున్న డబ్బు త్వరలోనే నిండుకుంది. వైద్య పట్టా చేతిలో ఉన్నా, అది చాలినది కాకపోవడంతో వైద్యునిగా పని దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేరి రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసి పొట్ట పోసుకున్నారు. 1924లో డిప్లొమా పూర్తయింది. మూడేళ్ల గడువులో ఏడాది గడిచింది. కానీ స్ప్రూ సంగతి ఆ చదువులో తేలలేదు. జబ్బు పేరు, లక్షణాలు తెలిసినంత మాత్రాన లోపల ఏది కొరవడుతున్నదో తెలియదని ఆయనకు అర్థమైంది. ఇంటికి వెళ్లే బదులు జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధక విద్యార్థిగా చేరారు.

అక్కడ అప్పగించిన పని పైకి చిన్నదే. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవాలి. ఎముకల పెరుగుదలకూ, పిల్లల్లో వచ్చే రికెట్స్ జబ్బుకూ భాస్వరంతో సంబంధం ఉంది గనుక ఆ కొలత వైద్యులకు అవసరం. అప్పటికే ఉన్న పద్ధతుల్లో రంగు నిలకడగా రాక లెక్క తప్పేది. పరీక్షించవలసిన ద్రావణానికి మాలిబ్డేట్ కలిపి, ఆపైన అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే అది నీలిరంగుకు తిరుగుతుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. తెలిసిన ప్రమాణంతో ఆ రంగును పోల్చితే పరిమాణం తేలుతుంది. 1925లో ప్రచురితమైన ఈ విధానం ఫిస్కే - సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా పేరుపొందింది. వందేళ్లు గడిచినా జీవరసాయన శాస్త్రం, పోషకాహారం చదివే విద్యార్థుల ప్రాక్టికల్ పుస్తకాల్లో అది నిలిచి ఉంది.

కొలిచే సాధనం చేతికి రావడంతో కనిపించనివి కనిపించసాగాయి. కండరంలో ఉన్న భాస్వరాన్ని కొలుస్తుండగా రంగు రావలసిన వేగంతో రాలేదు. నెమ్మదిగా ముదురుతూ పోయింది. ఏదో పదార్థం నిలకడ లేక విడిపోతూ కొద్దికొద్దిగా భాస్వరాన్ని వదులుతున్నదన్న మాట. తప్పు లెక్క అని పక్కన పెట్టేయకుండా దాని వెంట పడటం వల్ల 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ అనే మరో పదార్థాన్ని కండరం నుంచి వేరుచేశారు. మనం తిన్న అన్నంలోని శక్తి కండరానికి అందేది ఈ ఏటీపీ రూపంలోనే. అంతవరకు కండరం పనితీరుకు ల్యాక్టిక్ ఆమ్లమే మూలమని చెప్పిన సిద్ధాంతానికి 1922లో నోబెల్ బహుమతి కూడా వచ్చి ఉంది. ఆ సిద్ధాంతం కదిలిపోయింది.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఏటీపీని కనుగొన్నది సుబ్బారావు ఒక్కరేనని తెలుగునాట తరచుగా రాస్తుంటారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే 1929లో స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. హార్వర్డ్‌లో జరిగిన పని ఫిస్కే, సుబ్బారావుల ఉమ్మడి కృషి. ఉన్నది చెప్పినా సుబ్బారావు గొప్పతనానికి వచ్చే లోటేమీ లేదు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. పదవి మాత్రం పెరగలేదు. పరిశోధన పత్రాల్లో తన పేరు ఎక్కడ ఉన్నదో ఆయన పట్టించుకునేవారు కాదు. ఘనత గురువుదేనని తప్పుకునేవారు. ఈ వినయం ఆయనకే చేటు తెచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత స్థానం ఆయనకు దక్కలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడకుండా ఉండిపోయి, చాలా ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని ఆ విభాగంలోనే చదివిన జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పారు. ఆ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త.

కాలేయం చుట్టూ

1926లో బోస్టన్ వైద్యులు జార్జ్ మినో, విలియం మర్ఫీ ఒక ప్రకటన చేశారు. ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతతో బాధపడేవారికి రోజూ కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని దాని సారాంశం. మర్ఫీ పనిచేసింది సుబ్బారావు రాత్రిపూట పాత్రలు కడిగిన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలోనే. రక్తహీనతతో ముగిసే తన సోదరుల జబ్బు సుబ్బారావుకు గుర్తుకు రాకుండా ఉంటుందా? కాలేయంలో ఏదో ఉంది; అది ఏమిటన్నదే ప్రశ్న. కండరం నుంచి ఆయన దృష్టి కాలేయం వైపు మళ్లింది. 1930లలో హార్వర్డ్ కొలువు చేసుకుంటూనే కాలేయ సారాన్ని భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగాన్ని పరీక్షించడం సాగించారు. ఎలుకల పెరుగుదలకు ప్యాంటోథెనిక్ ఆమ్లం అవసరమని హిచింగ్స్‌తో కలిసి 1939లో ప్రచురించిన పరిశోధన ఈ వరుసలోదే.

దానికి ఏడాది ముందు చేసిన మరో పని నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. అమెరికా దక్షిణ ప్రాంతంలో మొక్కజొన్న మీదే బతికే పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. ఇది అంటువ్యాధి కాదని, తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అప్పటికే నిరూపించారు. కుక్కల్లో దీనికి సాటి జబ్బు నల్లనాలుక. నికోటినిక్ ఆమ్లం ఇస్తే నల్లనాలుక నయమవుతుందని 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ బృందం ప్రకటించింది. కాలేయంలోని నల్లనాలుక నివారకం మీద సుబ్బారావు, డాన్ బృందం చేసిన పరిశోధన 1938లో వెలువడింది.

అదే పెల్లాగ్రా దక్కన్ పీఠభూమిలో జొన్న తినే పేదల్లోనూ ఉండేది. జొన్నరొట్టె, జొన్న గటక తప్ప మరొకటి ఎరుగని కూలీ కుటుంబాల్లో వేసవి ఎండలకు మెడ నల్లబడేది. మొక్కజొన్నకు వర్తించిన లెక్క జొన్నకు పూర్తిగా కుదరలేదు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం వల్ల శరీరం ఈ విటమిన్‌ను వినియోగించుకోలేకపోతున్నదని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠియా 1960లో ప్రతిపాదించారు. దానిపై శాస్త్రవేత్తల్లో తరువాత చర్చ జరిగింది గానీ, వ్యాధి తిండికి సంబంధించినదన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. వారి సంస్థ 1918లో కూనూరులో మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో నల్గొండ మాగాణాల్లో వరి పెరిగింది, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, కంచంలో జొన్న తగ్గింది. పెల్లాగ్రా మెల్లగా కనుమరుగైంది. ఆ జొన్న ఇప్పుడు చిరుధాన్యాల పేరిట తిరిగి వస్తున్నది. పప్పు, ఆకుకూర తోడుంటే అది మేలైన ఆహారమే. దాని ఒక్కదాని మీదే బతకవలసి రావడం నాటి చిక్కు.

హార్వర్డ్‌లో మొదటి పోషకాహార విభాగం 1942లో ఏర్పడింది. అప్పటికి సుబ్బారావు అక్కడ లేరు.

ఆకులో దొరికిన జవాబు

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లె ప్రయోగశాలలకు మారారు. 1942 నాటికి అక్కడి పరిశోధనలకు డైరెక్టర్ అయ్యారు. విశ్వవిద్యాలయంలో ఒంటి చేత్తో చేసిన పని ఇక్కడ పెద్ద బృందంతో సాగింది. రసాయన శాస్త్రవేత్త, సూక్ష్మజీవుల నిపుణుడు, జంతు పరిశోధకుడు ఒకే సమస్య చుట్టూ కూర్చునే ఏర్పాటు అది.

స్ప్రూకు సమాధానం వెతికే దారిలో ముందు నడిచినవారు మరికొందరున్నారు. వారిలో ముఖ్యురాలు ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్. 1928 నుంచి బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతపై ఆమె పరిశోధించారు. ఇనుము ఇచ్చినా తగ్గని ఆ రక్తహీనత చవకగా దొరికే ఈస్టు సారం తినిపిస్తే తగ్గుతున్నదని 1931లో ప్రకటించారు. అందులో ఉన్నది ఏమిటో ఆమెకు అప్పటికి తెలియదు. విల్స్ పదార్థమని పిలిచేవారు. 1941లో అమెరికాలోని టెక్సాస్ పరిశోధకులు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని రాబట్టి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. కానీ టన్నులకొద్దీ ఆకు నుంచి దొరికేది చిటికెడు. అంత తక్కువతో వైద్యం చేయడం అసాధ్యం.

సుబ్బారావు బృందం కాలేయం నుంచీ, సూక్ష్మజీవులు పులియబెట్టిన ద్రావణం నుంచీ ఆ పదార్థాన్ని వేరుచేసి, దాని అమరిక తేల్చి, 1945 ఆగస్టులో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసినట్టు ప్రకటించింది. స్టోక్‌స్టాడ్, హచింగ్స్, ఆంజియర్, వాలర్ వంటివారి పేర్ల నడుమ సుబ్బారావు పేరు ఒకటిగా ఉంది. మొదటిస్థానం ఆయన కోరలేదు. ఇక మందు కావలసినంత తయారవుతుంది. టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నోటిపూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. సోదరులు పోయిన తరువాత రెండు దశాబ్దాలు దాటి వారి జబ్బుకు మాత్ర తయారైంది.

అయితే బోస్టన్ వైద్యులు కాలేయంతో నయం చేసిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం పూర్తి మందు కాదని త్వరలోనే తేలింది. రక్తం బాగుపడినా నరాల బలహీనత ఆగలేదు. ఆ కొరతను తీర్చే బి12 విటమిన్‌ను 1948లో అమెరికా, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు వేర్వేరుగా పట్టుకున్నారు. కాలేయంలో సుబ్బారావు వెతుకుతూ వచ్చింది ఒకటి కాదు, రెండు. ఆయనకు చిక్కింది ఒకటి.

ఈ ఒక్కటి చేసిన మేలు ఆయన ఊహకు కూడా అందనిది. గర్భం తొలి వారాల్లో ఫోలిక్ ఆమ్లం తగినంత ఉంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా చాలావరకు కాపాడవచ్చునని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో ప్రకటించింది. మన దేశంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రల పంపిణీ 1970లోనే మొదలైంది. గోంగూర, తోటకూర, పాలకూర, కందిపప్పు, పెసలు సహజంగా దీనిని అందిస్తాయి. కూరను ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే అందులో ఎక్కువ భాగం పోతుంది.

పోషకమే విషమైన చోట

బోస్టన్‌లో పిల్లల వ్యాధుల పరిశోధకుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు లెడర్లె తయారు చేసిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థం ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ముదురుతున్నట్టు కనిపించింది. పోషకం క్యాన్సర్ కణానికి కూడా పోషకమే. అలా అయితే దానిని అడ్డుకుంటే? ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానంలో కూర్చుని పని జరగనివ్వని పదార్థాలను సుబ్బారావు బృందం తయారు చేసింది. అమైనోప్టెరిన్ వాటిలో ఒకటి. ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించినట్టు 1948 జూన్‌లో ప్రకటించారు. అది శాశ్వతం కాలేదు. కొన్ని వారాలు, కొన్ని నెలలు మాత్రమే నిలిచింది. కానీ రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చునని మొదటిసారి రుజువైంది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ వార్డుల్లోనూ, కీళ్లవాతపు చీటీల్లోనూ కనిపించే మందు.

యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు వెతికే పని కూడా లెడర్లెకు వచ్చింది. ఫలితం 1947లో వెలువడిన డీఈసీ. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవానికి బోదకాలు కొత్త జబ్బు కాదు. యాంటీబయాటిక్‌ల అన్వేషణలో డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను పనిలోకి తీసుకున్నారు. ఉద్యోగ విరమణ చేసిన ఆ పెద్దాయన 1945లో మిస్సోరీ మట్టి నుంచి ఆరియోమైసిన్‌ను పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. కనుగొన్నది డగ్గర్, ఆ వయసులో ఆయనను నమ్మి పని అప్పగించింది సుబ్బారావు.

తిరిగి రాని ప్రయాణం

1948 జులైలో ఆరియోమైసిన్ గురించి న్యూయార్క్‌లో బహిరంగంగా ప్రకటించారు. కొద్ది వారాలకే, ఆగస్టు 8న, సుబ్బారావు గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53.

మూడేళ్లలో వస్తానన్న మాట 25 ఏళ్లయినా నెరవేరలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కొడుకు శైశవంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. పని ముగించుకుని రావాలన్నదే ఆయన కోరిక అని చెబుతారు. పని ముగియలేదు. లోకానికి ఇంత మేలు చేసిన మనిషి ఇంటికి చేసిన అన్యాయం చిన్నది కాదు. అది కూడా ఆయన జీవిత చరిత్రలో భాగమే.

ఆయన బోస్టన్ చేరిన 1923లోనే భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. యుద్ధకాలంలో ఆ దేశం కోసం మందులు తయారు చేస్తూ కూడా ఆయన విదేశీయుడిగానే ఉన్నారు. 1946లో చట్టం మారి తలుపు తెరుచుకున్నా, పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

లెడర్లె ఉద్యోగులు ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టి ఆయనను స్మరించుకున్నారు. భారత తపాలా శాఖ శతజయంతి సందర్భంగా 1995లో స్టాంపు విడుదల చేసింది. నోబెల్ రాలేదన్న బాధ తెలుగునాట తరచుగా వినిపిస్తుంది. ఆయన సంగతి ఆయనకే పట్టలేదు. విలేకరుల ముందుకు రావడానికి, ఫొటోలు దిగడానికి వెనుకాడే మనిషి.

భాస్వరం కొలిచే ప్రాక్టికల్ తరగతిలో నేటికీ గొట్టంలో నీలం తేలుతుంది. విద్యార్థులు రికార్డు పుస్తకంలో ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అని శీర్షిక రాసి, కింద గీత గీసి, రీడింగులు నింపుతారు.